రెండో కార్డు వేద్దామా? ఓటు వేసే ముందు ఒక పాతికేళ్ల కథ



పోయిన ఆదివారం గ్రూపులో పెట్టిన పోల్ చూసే ఉంటరు. మన రికార్డింగ్ కంప్యూటర్‌కు ఇంకో గ్రాఫిక్స్ కార్డు వేద్దామా, వద్దా అని. ఇది రాసే టైంకు 31 మంది వేద్దాం అన్నరు, 9 మంది వద్దన్నరు. ఆ 31 మందిలో నేనూ ఉన్న. ఇప్పుడు నా ఓటు మార్చుకుంటున్న. ఎందుకో రెండు లైన్లల్ల చెప్తే "వీడెందుకు తిరగబడ్డడు" అనుకుంటరు, అందుకే మొత్తం రాస్తున్న. నేను చదివేది బీఏ హిస్టరీ, కంప్యూటర్ సైన్స్ కాదు. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే పోయిన: ఈ "రెండో కార్డు" అన్న ఆలోచన ఎప్పుడు పుట్టింది, ఎవరికి పనికొచ్చింది, ఎవరి పైసలు పోయినయి అని వెతికిన.

కొత్తగా చేరినవాళ్ల కోసం ముందు మన డబ్బా సంగతి. రెండేళ్ల కింద సీనియర్ అన్నలు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి పార్క్‌లేన్‌కు పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనం సీటీసీ అంటం, ఒక రిఫర్బిష్డ్ ఆఫీసు కంప్యూటర్ కొన్నరు. రెండు పెళ్లి చీరల డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత సైజు. జేబీఎస్ నుంచి సిద్దిపేట దాక బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చిన్రు. తర్వాత దాంట్లో సగం ఎత్తు ఉండే జీటీఎక్స్ 1650 కార్డు వేసిన్రు, మెమరీ 4 జీబీ. సేవాలాల్ జయంతి వీడియోలు, తీజ్ వీడియోలు అన్నీ దాంట్లోనే ఎడిట్ అయినయి. పోయినేడు నుంచి అసలు పని మొదలైంది. తాండల్లో పెద్దోళ్లు పాడే ఢావ్లో పాటలు, తీజ్ పాటలు, వాళ్లు చెప్పే వలస కథలు రికార్డు చేసి, వాటిని కంప్యూటర్‌తోనే అక్షరాల్లోకి మార్పించాలని. ఇప్పటికి 11 గంటల రికార్డింగు ఉంది. అక్షరాల్లోకి మారింది మాత్రం ఒక గంట కూడా లేదు, అదీ చేత్తో రాసిందే. "కార్డు చిన్నది, మెమరీ చాలట్లేదు, ఇంకోటి వేస్తే 8 జీబీ అవుతది" అన్న మాట అక్కడ పుట్టింది.

చందా 18,500 జమైంది. అందులో స్కాలర్‌షిప్ పైసల్లోంచి వంద, రెండొందలు ఇచ్చినవాళ్లే ఎక్కువ.

ఇక కథ.

కంప్యూటర్‌లో బొమ్మలు గీయడానికి వేరే కార్డు అనేది ముందు నుంచీ ఉంది. కాని మూడు కొలతల ఆటల కోసం మామూలు జనం కొనుక్కోగలిగే కార్డు అంటే 1996లో 3డీఎఫ్ఎక్స్ అనే అమెరికా కంపెనీ తెచ్చిన వూడూ కార్డునే మొదట చెప్తరు. దాంట్లో ఒక తమాషా ఉంది. అది మామూలు తెర బొమ్మ గీయలేదు, ఆటలు మాత్రమే గీసేది. కాబట్టి మామూలు కార్డు ఒకటి ముందే ఉండాలె, దాని నుంచి వైరు దీనికి, దీని నుంచి వైరు మానిటర్‌కు. అంటే రెండో కార్డు అనేది గొప్ప కోసం కాదు, మొదటిదానికి రాని పని కోసం పుట్టింది.

1998లో అదే కంపెనీ వూడూ2 తెచ్చింది. ఈసారి ఒకేలాంటి కార్డులు రెండు కొని, మధ్యలో చిన్న వైరు కలిపితే రెండూ కలిసి పనిచేస్తయన్నరు. దానికి పెట్టిన పేరు స్కాన్ లైన్ ఇంటర్‌లీవ్, పొట్టిగా ఎస్ఎల్ఐ. పద్ధతి మనకు సులువుగా అర్థమవుతది. ఒక మడిలో ఇద్దరు నాటు వేస్తున్నరనుకోండి. ఒక సాలు ఈమె, పక్క సాలు ఆమె. తెర మీది గీతలను కార్డులు అట్లనే పంచుకున్నయి. 12 ఎంబీ కార్డు ఒక్కోటి అప్పట్లో దాదాపు 300 డాలర్లు. మామూలు కార్డుతో కలిపితే మొత్తం మూడు కార్డులు డబ్బాలో ఉండాలె. అయినా కొన్నరు, ఎందుకంటే ఫలితం కంటికి కనిపించింది. ఒక్క కార్డుతో 800కు 600 చుక్కల తెర మీద ఆగిపోయేది, రెండింటితో 1024కు 768 దాక పోయింది.

ఇక్కడ ఒక విషయం ఆగి చూడాలె. మన పోల్‌లో చాలామంది పొరపాటు పడ్డది ఇక్కడే, నేనూ పడ్డ. ఆటలో గోడలకు, మనుషులకు అతికించే బొమ్మలన్నీ రెండు కార్డుల్లోనూ ఎవరి కాపీ వాళ్లకు ఉండాలె. సాళ్లు పంచుకున్నరు గాని నారు కట్టలు పంచుకోలేదు, ఇద్దరూ మొత్తం నారు మోసుకోవాల్సిందే. రెండు కార్డులు పెట్టినంత మాత్రాన ఆ బొమ్మల కోసం ఉన్న జాగా రెండింతలు కాలేదు. తర్వాత వచ్చిన ఆటల కార్డుల జంటల్లో కూడా ఇదే కథ. 4, 4 కలిస్తే 8 అనే లెక్క తనంతట తాను కుదరదు. చేసే పనిని ముక్కలుగా కోయగలిగినప్పుడే కుదురుతది. దీనికి మళ్లీ వస్త.

వూడూ2 తర్వాత రెండో కార్డు కొన్నేళ్లు మాయమైంది. కారణం బోర్డు. 1997లో ఇంటెల్ ఏజీపీ అనే కొత్త స్లాట్ తెచ్చింది. గ్రాఫిక్స్‌కు అది మునుపటి పీసీఐ స్లాట్ కన్నా చాలా వేగం. కాని మామూలు బోర్డు మీద అది ఒక్కటే ఉంటది. రెండో కార్డు పెట్టుకోవడానికి చోటే లేదు. అప్పుడు కంపెనీలు రెండు చిప్పులను ఒకే కార్డు మీద కుక్కడం మొదలుపెట్టినయి. 1999లో ఏటీఐ రేజ్ ఫ్యూరీ మ్యాక్స్ అని తెచ్చింది. విండోస్ 2000 వచ్చేసరికి దాని రెండో చిప్పు పనిచేయలేదు. కొన్నవాళ్లకు డబ్బాలో ఉన్న సగం కార్డు వట్టిదైంది. 3డీఎఫ్ఎక్స్ 2000లో రెండు చిప్పుల వూడూ5 5500 అమ్మింది. నాలుగు చిప్పుల వూడూ5 6000 కూడా తయారుచేసింది. దానికి కంప్యూటర్ కరెంటు సరిపోక బయట గోడకు వేరే అడాప్టర్ పెట్టాల్సి వచ్చింది. అది అంగడికి రానేలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే 3డీఎఫ్ఎక్స్ ఆస్తులను దాని పోటీదారు ఎన్విడియా కొనేసింది. రెండో కార్డును కనిపెట్టిన కంపెనీ ఆ దారినే ఇంకా ఇంకా పోయి, ఒక్క చిప్పునే బాగా చేసిన కంపెనీ చేతికి చిక్కింది. ఒక్క కారణంతోనే మునిగిందని అనను, కార్డుల ఫ్యాక్టరీ కొనుక్కున్న తప్పు కూడా ఉంది.

2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డులు వచ్చినయి. ఇప్పుడు మన డబ్బాలో ఉన్నది కూడా ఆ వంశమే. ఒక బోర్డు మీద పెద్ద స్లాట్లు రెండు పెట్టే వీలు మళ్లీ వచ్చింది. ఎన్విడియా ఆ ఏడాదే పాత పేరు ఎస్ఎల్ఐని బయటికి తీసింది, దాని అర్థం మాత్రం స్కేలబుల్ లింక్ ఇంటర్‌ఫేస్ అని మార్చింది. 2005లో ఏటీఐ క్రాస్‌ఫైర్ తెచ్చింది. మరుసటి ఏడు ఏటీఐని ఏఎండీ కొన్నది. ఈ ఎన్విడియా, ఏఎండీ రెండింటికీ ఇయ్యాల హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ ఆఫీసులు ఉన్నయి. మన జేబీఎస్ బస్సు దిగితే గంట దూరం. మన గ్రూపులో ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లు అది గుర్తుపెట్టుకోవాలె.

ఈ రెండో విడతలో సాళ్లు పంచుకోవుడు దాదాపు పోయింది. మొదటి బొమ్మ మొత్తం ఒక కార్డు, తర్వాతి బొమ్మ మొత్తం రెండో కార్డు, అట్ల వంతులు వేసుకున్నయి. సెకనుకు వచ్చే బొమ్మల లెక్క బాగా పెరిగింది, పత్రికల్లో గీతలు ఎత్తుగా గీసిన్రు. కాని ఆడేవాళ్లకు ఏదో తట్టుకుంటున్నట్టు అనిపించేది. అదేంటో చెప్పడానికి మన బస్సే మంచి ఉదాహరణ. బస్టాండు బోర్డు మీద గంటకు నాలుగు బస్సులని ఉంటది. నాలుగూ వస్తయి, అబద్ధం కాదు. కాని రెండు బస్సులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి, తర్వాత అర్ధగంట ఏదీ రాకపోతే? లెక్క సరే, నిలబడ్డోనికి మాత్రం అర్ధగంట ఎదురుచూపే. రెండు కార్డుల బొమ్మలు కూడా అట్ల జంటలు జంటలుగా వచ్చేటివి. 2011లో టెక్ రిపోర్ట్ అనే పత్రికలో స్కాట్ వాసన్ ఒక్కో బొమ్మకు పట్టే టైం కొలిచి చూపిండు. 2013లో ఎన్విడియా స్వయంగా ఆ కొలిచే పనిముట్టు బయటపెట్టింది, ఏఎండీ తన సాఫ్ట్‌వేర్ సరిచేసింది. అంటే ఆరేడేళ్లు జనం సగటు లెక్క చూసి కొన్నరన్నమాట.

తర్వాత దిగుడే. కొత్త ఆటలు ముందటి బొమ్మను చూసి తర్వాతి బొమ్మ గీసే పద్ధతికి మారినయి. ముందటి బొమ్మ ఇంకో కార్డులో ఉంటే దాన్ని తెచ్చుకునేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతది. 2016లో ఎన్విడియా మధ్యరకం కార్డు జీటీఎక్స్ 1060కి జంట కట్టే వీలు తీసేసింది. 2020 నాటి ఆటల కార్డుల్లో ఆ కలిపే కొక్కెం ఆర్‌టీఎక్స్ 3090 ఒక్కదానికే మిగిలింది. 2021 జనవరి 1 నుంచి ఆటల కోసం కొత్త ఎస్ఎల్ఐ సర్దుబాట్లు చేయమని చెప్పేసింది. 2022లో వచ్చిన 4090కి కొక్కెమే లేదు. మన 1650 కార్డు 2019ది. దానికి పుట్టుకతోనే ఆ కొక్కెం లేదు. వీడియో ఎడిటింగ్ చేసే అన్నలు "రెండు కార్డులు కలిపితే ఆట, ఎడిటింగ్ రెండూ పరుగెత్తుతయి" అని రాసిన్రు. ఆట సంగతి 2021లోనే ముగిసిపోయింది. ఎడిటింగ్‌కు కొన్ని సాఫ్ట్‌వేర్‌లు రెండు కార్డులు వాడుకుంటయి గాని, మనం వాడే ఉచితం రకంలో ఆశ పెట్టుకోవద్దు.

మరి ఇంతమంది ఇప్పటికీ రెండు, మూడు, నాలుగు కార్డులు ఎందుకు పెడుతున్నరు? రెండు కారణాలు. ఒకటి క్రిప్టో నాణేల తవ్వకం. ఆ పనిలో కార్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సిన అవసరమే లేదు, ఎన్ని ఉంటే అన్ని పలుగులు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకోగానే కార్డులతో దాన్ని తవ్వుడు ఆగిపోయింది, వాడేసిన కార్డులు సెకండ్ హ్యాండ్ అంగళ్లకు కుప్పలుగా వచ్చినయి. "చవకగా వస్తది" అని మనకు చెప్తున్న కార్డు ఎక్కడ పనిచేసి వచ్చిందో అడగండి.

రెండో కారణమే మనకు కావాల్సింది. దీని కోసమే ఇంత దూరం వచ్చిన.

2012లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, ఇల్యా సుట్స్‌కెవర్ అనే ఇంకో విద్యార్థి, వాళ్ల గురువు జెఫ్రీ హింటన్ కలిసి బొమ్మలో ఏముందో గుర్తుపట్టే ప్రోగ్రామ్ చేసిన్రు. దాన్ని నేర్పించింది పెద్ద ల్యాబ్‌లో కాదు. అలెక్స్ తన తల్లిదండ్రుల ఇంట్లో, తన గదిలో ఉన్న కంప్యూటర్‌లో రెండు ఆటల కార్డులు పెట్టి నేర్పించిండు. జీటీఎక్స్ 580, ఒక్కోదానికి 3 జీబీ. ఐదారు రోజులు నడిచింది. పోటీలో వాళ్ల తప్పుల శాతం 15.3, రెండో స్థానం వాళ్లది 26.2. ఇయ్యాల ఏఐ ఏఐ అని అందరూ అంటున్న దాంట్లో చాలా భాగం ఆ గది నుంచి లెక్కపెడతరు. హింటన్‌కు 2024లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది.

హాస్టల్ గదిలో డబ్బా పెట్టుకున్న మనలాంటోళ్లకు ఈ కథ వింటే ఒళ్లు పులకరిస్తది. నాకూ పులకరించింది. "వేద్దాం" అని ఓటు వేసింది ఆ పూటే. కాని వాళ్ల పేపర్‌లో రాసింది నిదానంగా చూస్తే రెండు సంగతులు కనిపిస్తయి.

ఒకటి, వాళ్లు రెండో కార్డు ఎందుకు పెట్టిన్రో స్పష్టంగా రాసిన్రు. వాళ్ల ప్రోగ్రామ్ 3 జీబీలో పట్టలేదు. అందుకని దాన్నే రెండు సగాలు చేసి, చెరో కార్డులో సగం పెట్టి, కొన్ని చోట్ల మాత్రమే రెండు సగాలు మాట్లాడుకునేటట్టు కూర్చుకున్నరు. కోత వాళ్ల చేతుల్లో ఉంది, ఆ ప్రోగ్రామ్ వాళ్లే రాసుకున్నరు కాబట్టి. ఇక్కడ 3కు 3 కలిసి నిజంగా దగ్గరదగ్గర 6 అయింది.

రెండోది, ఆ రెండు కార్డులకు తినడానికి 12 లక్షల ఫొటోలు ముందే సిద్ధంగా ఉన్నయి. ఫెయ్-ఫెయ్ లీ అనే ప్రొఫెసర్, ఆమె విద్యార్థులు 2007 నుంచి కూర్చుని, ఇంటర్నెట్‌లో వేలాది మంది మామూలు మనుషులకు కూలి ఇచ్చి, ఒక్కో ఫొటోకు పేరు రాయించిన్రు. దాని పేరు ఇమేజ్‌నెట్. పోటీ పెట్టింది దాని మీదనే. కార్డుల కథ అందరూ చెప్తరు, పేర్లు రాసిన చేతుల కథ తక్కువ మంది చెప్తరు.

ఇప్పుడు ఈ రెండు ప్రశ్నలు మన డబ్బాకు పెట్టి చూద్దాం. మన పని ఒక్క కార్డులో పట్టదా? పట్టకపోతే కోయొచ్చా?

మనం వాడాలనుకున్నది విస్పర్, ఓపెన్ఏఐ కంపెనీ 2022 సెప్టెంబర్‌లో ఉచితంగా బయటపెట్టింది. మాట వింటది, అక్షరాలు రాస్తది. వాళ్లు ఇచ్చిన లెక్క ప్రకారం చిన్న రకానికి సుమారు 2 జీబీ మెమరీ, మధ్య రకానికి 5, పెద్ద రకానికి 10 కావాలె. మన 4 జీబీలో చిన్నదే పడుతది. రెండు కార్డులు కలిపి 8 అనుకున్నా పెద్దది పట్టదు, మధ్యది మాత్రం పడుతది. వినే భాగం ఒక కార్డులో, రాసే భాగం ఇంకో కార్డులో పెట్టుకునే ఉపాయం కొందరు చేసిన్రు గాని, దానికి కోడ్ మనమే సర్దుకోవాలె.

ఇక్కడి దాక చదివి రెండో కార్డే దిక్కు అనుకున్న. తర్వాత ఫాస్టర్ విస్పర్ అనే ఇంకో ప్రోగ్రామ్ దొరికింది. అదే మోడల్‌లో అంకెలను గుండ్రంగా చేసి, తక్కువ జాగాలో కుక్కుతది. కిలో బెల్లం నలగ్గొట్టి డబ్బాలో నింపినట్టు. అట్ల చేస్తే పెద్ద రకం సుమారు 3 జీబీలో పడుతదని వాళ్లు రాసిన్రు. బుధవారం రాత్రి పెట్టి చూసినం. మన 4 జీబీ కార్డులోనే ఎక్కింది! అన్నలు ఇద్దరు సాక్ష్యం.

మరి మన పాట రాసిందా? రాయలేదు. మా దాది పాడిన ఢావ్లో వేసినం. పెళ్లిపిల్ల పుట్టింటిని వదిలి పోతూ ఏడుస్తూ పాడేది. కాసేపు హిందీ అక్షరాలు, కాసేపు గుజరాతీ అక్షరాలు, అర్థం లేని మాటలు. దాది ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట "ధన్యవాదాలు" అని రాసింది. నవ్వుకున్నం, కాని నాకు ఆ రాత్రి నిద్ర రాలేదు. చిన్న రకమైనా పెద్ద రకమైనా అది గోర్‌బోలి ఎన్నడూ వినలేదు. పది కార్డులు పెట్టినా విననిది రాయదు.

తెలుగుతో పోల్చి చూడండి. విస్పర్‌కు తెలుగు కూడా మొదట్లో సరిగ్గా రాలేదు, తప్పులతడక. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్లు 2023లో 12 భారతీయ భాషలవి కలిపి 10 వేల గంటలకు పైగా మాటలు పోగుచేసి, అదే విస్పర్‌ను మళ్లీ నేర్పించిన్రు. తెలుగు బాగుపడింది మాట, దాని పక్కన అక్షరం దొరికినందుకు. వాళ్లదే అనువాదం చేసే ఇండిక్‌ట్రాన్స్2 ఉంది, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషలకు పనిచేస్తది. ఆ 22లో మన గిరిజన భాషలు సంతాలీ, బోడో రెండే, అవీ 2003లో చేర్చినవి. లంబాడీ లేదు, గోండీ లేదు, కోయ లేదు, ఎరుకల లేదు.

ఈ ఖాళీ కొత్తది కాదు. గ్రియర్సన్ భారత భాషల సర్వే తొమ్మిదో సంపుటం మూడో భాగం 1907లో అచ్చయింది. అందులో భీలీ భాషలతో పాటు బంజారీ, లభానీ అని మన భాష ఉంది. కాని ఆ సర్వే హైదరాబాద్ సంస్థానాన్ని, మద్రాసు ప్రెసిడెన్సీని తన పనిలోకి తీసుకోలేదు. నిజాం రాజ్యంలో ఉన్న మన తాండల మాట అప్పుడూ లెక్కలోకి రాలేదు. నూటపదేళ్ల తర్వాత కంప్యూటర్ వినే వంతు వచ్చింది, మళ్లీ అదే తీరు.

దారి లేదని కాదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండు పెద్దల ఇళ్లల్లో పాత రాతప్రతులు బయటపడ్డయి, వాటిలోని లిపి గుంజాల గోండి. ఊరివాళ్లు, పండితులు కూర్చుని ఒక్కో అక్షరం గుర్తించిన్రు, పిల్లలకు నేర్పిన్రు. 2018లో యూనికోడ్ 11లో ఆ లిపికి చోటు దొరికింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరం పెట్టొచ్చు. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన శాఖ ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది, మొదటి నాలుగు భాషల్లో గోండీ ఉంది. గోండు తమ్ముళ్లు మనకన్నా ఒకడుగు ముందున్నరు, ఎట్ల చేసిన్రో వాళ్లనే అడగాలె.

మన సంగతికి వస్తే, సీనియర్ అన్న ఒకరు గట్టి మాట అన్నరు: "వినలేదంటే మనమే నేర్పిద్దాం. నేర్పియ్యాలంటే వినడానికన్నా ఎక్కువ మెమరీ కావాలె. అప్పుడైనా రెండో కార్డు కావాలె కదా?" నిజమే, నేర్పించుడు 4 జీబీలో కష్టం. కాని రెండో కార్డు మన డబ్బాలో ఎక్కడ పెడతం? ఆదివారం మూత తీసి చూసినం. 1650 రెండు స్లాట్ల మందం ఉంది, పక్క స్లాటును మొత్తం కప్పేసింది. ఇంటి కోసం చేసే చిన్న బోర్డుల సంగతి ఇంకా తక్కువ. 2001లో వయా కంపెనీ తెచ్చిన మినీ ఐటీఎక్స్ కొలత 17 సెంటీమీటర్ల చదరం, దాని మీద కార్డుకు ఒకటే స్లాట్. చిన్న డబ్బా కొన్ననాడే మనం "ఒక్క కార్డు చాలు" అని ఒప్పుకున్నట్టు. ఇక కరెంటు. మన పవర్ సప్లై మీద 200 వాట్లని ఉంది. ఒక్కో కార్డు 75, రెండు 150. ప్రాసెసర్ 65. మొత్తం 215, ఇంకా డిస్కు, ఫ్యాను లెక్కపెట్టలేదు. సీటీసీలో ఒకాయన "రైజర్ వైరు వేసి కార్డు బయట పెట్టుకోండి, సప్లై కూడా వేరేది పెట్టండి" అని చెప్పిండు. తవ్వకం వాళ్ల పద్ధతి అది. హాస్టల్ గదిలో మంచాల మధ్య, తడి బట్టల కింద, బయట వేలాడే కార్డు పెడదామా? వూడూ5 6000 గోడకు అడాప్టర్ తగిలించిన కథ మళ్లీ మన గదిలో.

నేర్పించే పనికి ఇంకో తోవ ఉంది. కాగుల్ అని గూగుల్‌ది ఒక సైటు, ఫోన్ నంబర్‌తో ఖాతా తెరిస్తే వారానికి సుమారు 30 గంటలు గ్రాఫిక్స్ కార్డులు ఉచితంగా వాడుకోనిస్తది. అందులో టీ4 కార్డులు రెండు కలిపి ఇచ్చే వీలుంది, ఒక్కోదానికి 16 జీబీ. రెండో కార్డు కావాలంటే అక్కడ ఉంది, పైసా లేదు. అడ్డంకి ఒక్కటే, అది చిన్నది కాదు. పెద్దోళ్ల గొంతు మన గది దాటి ఎవరిదో సర్వర్‌లోకి పోతది. ఢావ్లో అంటే ఆమె తన తల్లి కోసం ఏడ్చిన ఏడుపు. రికార్డు చేసేటప్పుడు "మన పిల్లల కోసం" అని చెప్పి చేసినం, బయటికి పంపుతమని చెప్పలేదు. మళ్లీ పోయి అడగాలె. వద్దన్నవాళ్లది పక్కకు పెట్టాలె. కార్డు కొనుడు కన్నా ఇది ఎక్కువ పని, నాకు తెలుసు.

అందుకే నా ఓటు ఇట్ల మారింది. రెండో కార్డు వద్దు. పైసలతో ముందు ఒక మంచి రికార్డర్ కొందాం, ఇప్పటి ఫోన్ రికార్డింగుల్లో సగం ఫ్యాను చప్పుడే. రెండు హార్డ్ డిస్కులు కొందాం, ఒకటి ఇక్కడ, ఒకటి వేరే ఊర్లో ఉండాలె, ఎందుకంటే 11 గంటలూ ఇప్పుడు ఒకే డిస్కులో ఉన్నయి. మిగిలింది బస్సు చార్జీలకు. నేర్పించుడు మొదలయ్యే నాటికి నిజంగా మన గదిలోనే కార్డు కావాలనిపిస్తే, 1650 అమ్మేసి ఒక్క పెద్దది వేద్దాం. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం 70 వాట్లే, సగం ఎత్తుది కూడా దొరుకుతది, మన సప్లై మోస్తది. కాని చేత్తో రాసిన అక్షరం ఒక పది గంటలదైనా చేతికి వచ్చినంక.

రాసే పని గురించి. ఒక గంట పాట రాయడానికి నాకు ఏడు గంటలు పట్టింది. గోర్‌బోలిని తెలుగు అక్షరాల్లో ఎట్ల రాయాలన్నదే మన ఇద్దరి మధ్య కుదరట్లేదు. నేను ఒక తీరు రాస్తున్న, వనిత అక్కలు ఇంకో తీరు. మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడలో రాస్తరు. మనం ఒక పద్ధతి కూర్చుని ఖాయం చేసుకోకుంటే, రేపు కంప్యూటర్‌కు ఒకే మాట రెండు మాటలుగా కనిపిస్తది.

ఎల్లుండి ఆదివారం పొద్దున 10కి మెస్ హాల్‌లో కూర్చుంటున్నం. నేను చెప్పింది తప్పైతే, ముఖ్యంగా కరెంటు లెక్కలో, డిప్లొమా చదివే తమ్ముళ్లు అక్కడే దిద్దండి. వచ్చేవాళ్లు హెడ్‌ఫోన్ తెచ్చుకోండి, మన దగ్గర రెండే ఉన్నయి. తాండకు పోయి వచ్చేవాళ్లు ఇంట్లో పెద్దోళ్లను ఒక మాట అడిగి రండి: మీ పాట మా గది దాటి బయటికి పంపొచ్చా అని. మా దాదిని నేను ఫోన్‌లో అడిగిన. "ఎవరు వింటరు?" అన్నది. మిషన్ వింటదన్న. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే మంచిగ పాడత, ఆ రోజు దగ్గు ఉండె, మళ్లీ రా" అన్నది.